చిన్నారుల చదువు – పెద్దల నాలుక

మనిషికి మాటాడే శక్తిని ప్రసాదించి, కలం ద్వారా విద్యను నేర్పిన అల్లాహ్‌కే సమస్త ప్రశంసలు శోభిస్తాయి. కారుణ్యమూర్తిగా ఏతెంచిన అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైనా, వారి పరివారం పైనా, సహచరులందరి పైనా శాంతి శుభాలు వర్షించుగాక!



వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచే రోజులివి. పుస్తకాల సంచులు, కొత్త దుస్తులు, ఫీజుల రసీదులు – మన ఇళ్ళన్నీ ఈ ఆలోచనలతోనే నిండి ఉన్నాయి. ఏ బడిలో చేర్పించాలి, ఏ మాధ్యమంలో చదివించాలి అన్న చర్చ జరగని ఇల్లు లేదు. ఆ చర్చ అవసరమే. అయితే దానికంటే ముందు తేల్చుకోవలసిన మరొక సంగతిని ఈ జుమా నాడు మీ ముందుంచదలిచాము. అయిదేళ్ళ నుండి పదేళ్ళ ప్రాయంలో ఉన్న పసివాడు ఇంట్లో, బడిలో, మస్జిద్ మక్తబ్‌లో రోజంతా వినే మాటలు ఎలాంటివి? వాటిని పలికేవారం మనమే. వాటికి రేపు లెక్క అప్పజెప్పవలసినవారమూ మనమే.

మనిషి నోట వెలువడే ఏ మాటా నమోదు కాకుండా పోదని, దానికోసం సదా సిద్ధంగా ఉన్న పర్యవేక్షకుడు అతని చెంతనే ఉన్నాడని సూరా ఖాఫ్ మనల్ని హెచ్చరిస్తోంది. ఆ నమోదులో పెద్దలతో అన్న మాటలకు ఒక చిట్టా, పిల్లలతో అన్న మాటలకు వేరొక చిట్టా ఉంటాయని ఎక్కడా లేదు. “పిల్లవాడే కదా, వాడికేం తెలుసు” అన్న మినహాయింపు మనం కల్పించుకున్నది మాత్రమే.

బదర్ ఖైదీలు చెప్పిన చదువు

దైవప్రవక్త (సఅసం)పై అవతరించిన తొలి ఆయతులు చదువు ప్రస్తావనతోనే ఆరంభమయ్యాయన్నది మనలో ఎరుగనివారు లేరు. ప్రతి సభలోనూ చెప్పుకునే సంగతి గనుక ఇక్కడ విస్తరించము. అంతగా చెప్పుకోని మరొక సంఘటన ఉంది. హిజ్రీ 2వ సంవత్సరంలో బదర్ సంగ్రామం జరిగింది. చేజిక్కిన ఖైదీలలో పరిహారధనం చెల్లించే స్తోమత లేనివారు కొందరున్నారు. వారిలో చదువు వచ్చినవారు మదీనాలోని అన్సార్ల పిల్లలకు వ్రాయడం నేర్పితే అదే వారి విడుదలకు పరిహారం కాగలదని దైవప్రవక్త (సఅసం) నిర్ణయించారు. ఒక్కొక్కరు పదిమంది పిల్లలకు నేర్పాలన్నది షరతు అని చరిత్ర గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆనాటి మదీనా సంపన్న పట్టణం కాదు. ముహాజిర్లు ఇల్లూ వాకిలీ వదలి వచ్చినవారు. చేతికి అందే ధనం ఎంత చిన్నదైనా అక్కరకు వచ్చే రోజులవి. అలాంటి రోజుల్లో బంగారానికి బదులు పిల్లల అక్షరాలను కోరుకున్నారు.

ఇందులో మనం సాధారణంగా దాటిపోయే విషయం ఒకటుంది. ఆ ఉపాధ్యాయులు ముస్లిములు కారు. నిన్నటి దాకా కత్తి దూసినవారు. అయినా వారి దగ్గర కూర్చుని పిల్లలు అక్షరాలు దిద్దారు. నేడు మన పిల్లలకు అ ఆ లు దిద్దబెడుతున్న పంతులుగారు, ఎక్కాలు వల్లె వేయిస్తున్న టీచరమ్మ చాలా ఊళ్ళలో మన మతస్థులు కారు. వారిని గురించి ఇంట్లో అన్నం తింటూ మనం ఎలా మాట్లాడుకుంటున్నాం? ఉపాధ్యాయుణ్ణి ఇంట్లో తేలిక చేసి మాట్లాడి, మరునాడు పొద్దున్నే ఆయన దగ్గర చదువు నేర్చుకోమని పిల్లవాణ్ణి పంపడంలో అర్థం లేదు. పిల్లవాడు పొద్దుటి పాఠాన్ని మరచిపోతాడేమో గాని, రాత్రి విన్న తేలిక మాటను మరువడు.

ఖర్జూరాల గుప్పిలి

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) తన బాల్యంలో జరిగిన ఒక సంఘటనను చెప్పారు. అది అబూ దావూద్ గ్రంథంలో నమోదై ఉంది. దైవప్రవక్త (సఅసం) వారి ఇంట్లో కూర్చుని ఉన్నారు. తల్లి పిల్లవాణ్ణి, ఇలా రా, నీకొకటి ఇస్తాను అని పిలిచింది. ఏమివ్వాలనుకున్నావని దైవప్రవక్త (సఅసం) ఆమెను అడిగారు. ఖర్జూరాలు ఇద్దామనుకున్నానని ఆమె చెప్పింది. నీవు ఏమీ ఇవ్వకుండా ఉండి ఉంటే నీ పేర ఒక అబద్ధం వ్రాయబడి ఉండేదని వారు తెలియజేశారు.

సోదరులారా! ఆ తల్లిని దైవప్రవక్త (సఅసం) కోప్పడలేదు, నిలదీయలేదు. ఏమివ్వదలిచావని మాత్రమే అడిగారు. ఆమె నిజాయితీ తేలిపోయింది. అయితే ఒక ప్రమాణం మాత్రం శాశ్వతంగా నిలిచిపోయింది. పసివానికి చెప్పిన అబద్ధమూ అబద్ధమే.

ఇప్పుడు మన ఇళ్ళలోకి తొంగి చూద్దాం. అన్నం తినకపోతే బూచోడు వస్తాడు. అల్లరి చేస్తే పోలీసులకు పట్టిస్తాం. డాక్టరు దగ్గరకు తీసుకుపోయేటప్పుడు సూది వేయరు, నిజంగా వేయరు అని ఒట్టు వేస్తాం. వాడు చొక్కా చెయ్యి పైకి మడిచిన తర్వాత గట్టిగా పట్టుకుంటాం. అప్పులవాడు తలుపు కొడితే అబ్బా ఇంట్లో లేడని చెప్పమని ఆరేళ్ళ కూతురిని పంపుతాం. ఆ పిల్ల తిన్నగా పోయి, “ఇంట్లో లేనని చెప్పమన్నారు” అంటుంది. మనం నవ్వుకుంటాం, పదిమందికీ చెప్పి నవ్విస్తాం. నిజానికి ఆ రోజు ఆ ఇంట్లో సత్యం పలికినది ఆ పిల్ల ఒక్కతే. నాలుగైదు మార్లు ఇలా జరిగాక ఆమెకూ అబద్ధం అలవడుతుంది. అప్పుడు బడి నుండి ఫిర్యాదు వస్తుంది: మీ అమ్మాయి అబద్ధాలాడుతోందని. ఆ విద్య ఎక్కడ అబ్బిందో మనకు తెలియనట్టే ఆశ్చర్యపోతాం.

బెత్తం నేర్పే పాఠం

ఈ వాక్యాలు వ్రాస్తున్న మేము కొన్నేళ్ళపాటు సాయంకాలపు మక్తబ్‌లో పిల్లలకు ఖాయిదా చెప్పినవాళ్ళమే. మా చేతిలో వెదురు బెత్తం ఉండేది. మా ఉస్తాదుల చేతిలోనూ ఉండేది; అందుకే అది ఎందుకని ఎన్నడూ ప్రశ్నించుకోలేదు. ఒక సాయంత్రం ఏడేళ్ళ బాలుడు ఖాయిదాలో రెండు పుటలు చినిగిపోయి ఉండగా వచ్చాడు. ఎవరు చింపారని గద్దించాము. మా తమ్ముడు చింపాడన్నాడు. తమ్ముడికి చెప్పు, మళ్ళీ ఇలా చేస్తే ఊరుకోమని బెత్తం ఆడించి పంపాము. నెల గడిచాక ఏదో పని మీద ఆ బాలుని తండ్రి కనిపించినప్పుడు మాటల్లో తెలిసింది, వాడికి తమ్ముడే లేడని.

ఆనాడు మేమూ నవ్వుకున్నాము. ఆ తర్వాత చాలా రాత్రులు ఆ మాట మమ్మల్ని వదలలేదు. ఏడేళ్ళ పిల్లవాడు లేని తమ్ముణ్ణి ఒకణ్ణి సృష్టించుకుని అతని వెనుక దాక్కోవలసి వచ్చింది. అదీ అల్లాహ్ గ్రంథం నేర్చుకునే చోట! ఆ అబద్ధం వాడిది కాదు, మా చేతిలోని బెత్తానిది.

ఇది మా ఒక్కరి అనుభవం కాదని పిమ్మట తెలుసుకున్నాము. ఆరు శతాబ్దాల క్రితమే ఇబ్నె ఖల్దూన్ (1332–1406) తన ముఖద్దిమా గ్రంథంలో, విద్యార్థుల పట్ల కాఠిన్యం వారికి హానికరమని చెప్పడానికి ఒక అధ్యాయాన్నే కేటాయించారు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. దండన భయంలో పెరిగిన చిన్నవాని మనసు ముడుచుకుపోతుంది, ఉత్సాహం అణగారుతుంది, సోమరితనం ఆవహిస్తుంది. చేతి దెబ్బ తప్పించుకోవడానికి లోపల ఉన్నదొకటి, పైకి చూపేదొకటిగా ఉండడం అలవాటు చేసుకుంటాడు. మెల్లగా ఆ కపటమే అతని స్వభావమవుతుంది. పీడనలో బ్రతికిన జాతులకు ఏ గతి పట్టిందో ఆ పిల్లవానికీ అదే గతి పడుతుందని ఆయన పోల్చి చెప్పారు. అంతకు మునుపే ఇమాం గజాలీ (రహ్మ) ఇహ్యా గ్రంథంలో పిల్లవాణ్ణి తల్లిదండ్రుల చేతికి అందిన అమానతుగా పేర్కొన్నారు. పొరపాటున ఒకసారి తప్పు చేసి దానిని దాచుకోజూసే పిల్లవాని విషయంలో చూసీ చూడనట్టు ఊరుకోవడం మేలన్నారు. మాటిమాటికీ నిందిస్తే నింద వినడం అతనికి తేలికైపోతుందని, మాటకు విలువ పోతుందని హెచ్చరించారు. పాఠం ముగిశాక పిల్లలను ఆటకు వదలాలని, లేకుంటే వారి బుద్ధి మొద్దుబారుతుందని కూడా చెప్పారు. సాయంత్రం బడి నుండి రాగానే ట్యూషన్‌కు, ట్యూషన్ నుండి మక్తబ్‌కు పరుగెత్తే మన పిల్లల్ని చూస్తే ఆ మహనీయుడు ఏమనేవారో!

ఇక్కడ ఒక ప్రశ్న తప్పక వస్తుంది. ఏడేళ్ళ వయసులో పిల్లలకు నమాజు ఆదేశించాలని, పదేళ్ళకు కూడా దానిని విడిచిపెడితే దండించాలని చెప్పే హదీసు ఉన్నది కదా అని. ఉన్నది. కాని దానిని పూర్తిగా చదవాలి. ఏడు నుండి పది వరకు మూడు సంవత్సరాలు. రోజుకు అయిదు పూటల చొప్పున లెక్కిస్తే అయిదు వేలకు పైబడిన నమాజులు. అన్నిసార్లు ప్రేమతో పిలిచి, పక్కన నిలబెట్టుకుని, తాను నమాజు చేసి చూపిన తండ్రికి మాత్రమే ఆ తర్వాతి వాక్యంతో పని. ఆ దండనకైనా ధర్మపండితులు ఎన్నో హద్దులు గీశారు. ముఖం మీద కొట్టరాదు, గాయపరచరాదు, ఒళ్ళు తెలియని కోపంలో చెయ్యెత్తరాదు. ఏడో ఎక్కం తప్పు చెప్పిన ఆరేళ్ళ పిల్లకు, ఆ హదీసుకు సంబంధమేమిటి? దైవమార్గంలో జరిపిన పోరులో తప్ప దైవప్రవక్త (సఅసం) తమ చేత్తో ఎవరినీ, ఏ స్త్రీనీ, ఏ సేవకుణ్ణీ కొట్టి ఎరుగరని హజ్రత్ ఆయిషా (రజి) సాక్ష్యమిచ్చారు. ఆ సాక్ష్యాన్ని పక్కన పెట్టి ఒక్క హదీసులోని ఒక్క ముక్కనే పట్టుకుంటున్నామంటే, మనం వెతుకుతున్నది ధర్మాన్ని కాదు, మన కోపానికి ఆధారాన్ని.

మన దేశ చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో పిల్లలను కొట్టడాన్నే గాక మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. 2012లో జరిగిన సవరణ మదరసాలను, వేద పాఠశాలలను ఈ చట్టం పరిధి నుండి తప్పించిన మాట నిజమే. చట్టం మనల్ని అడగకపోవచ్చు. అడిగేవాడు వేరొకడున్నాడు. ప్రభుత్వ బడిలో తెలుగు పంతులు వేయని దెబ్బ, అల్లాహ్ గృహంలో ఖుర్ఆన్ చెప్పే మన చేతి నుండి పడితే, ఆ పసివాని మనసులో ధర్మానికి ఏ రూపం మిగులుతుందో ఒక్క క్షణం ఆలోచించండి.

ప్రవక్త (సఅసం) పిల్లలతో మాటాడిన తీరు

హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) దైవప్రవక్త (సఅసం) సేవలో చేరేనాటికి సుమారు పదేళ్ళ బాలుడు. పదేళ్ళ పాటు సేవ చేశారు. అంతకాలంలో ఒక్కనాడైనా తనను విసుక్కోలేదని, చేసిన పనికి ఎందుకు చేశావని గాని, చేయని పనికి ఎందుకు చేయలేదని గాని గద్దించలేదని ఆయన చెప్పారు. పదేళ్ళు! మన ఇళ్ళలో ఆ రెండు ప్రశ్నలు లేకుండా ఒక పూట గడిస్తే గొప్ప.

అంతమాత్రాన దైవప్రవక్త (సఅసం) పిల్లల తప్పులను దిద్దకుండా వదిలేవారని కాదు. వారి పెంపకంలో ఉన్న హజ్రత్ ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చిన్ననాడు భోజనానికి కూర్చుంటే చెయ్యి పళ్ళెమంతా తిరిగేది. దైవప్రవక్త (సఅసం) ఆప్యాయంగా పిలిచి మూడు సంగతులు చెప్పారు: అల్లాహ్ పేరు తలచుకో, కుడిచేత్తో తిను, నీ ముందున్నది తిను. ఎంత చిన్న పాఠమో చూడండి. చేసిన తప్పు ఊసే లేదు. చేయవలసినది మాత్రమే ఉంది. “పశువులా తింటున్నావేం” అన్న మాటతో మొదలుపెట్టి అరగంట ఉపన్యసించినా పిల్లవానికి ఒంటబట్టనిది, ఆ మూడు చిన్న వాక్యాలతో ఒంటబట్టింది. అటు తర్వాత తాను ఎప్పుడూ అలాగే తింటూ వచ్చానని ఆయన పెద్దవాడై చెప్పుకున్నారు.

హజ్రత్ ముఆవియా బిన్ హకమ్ (రజి) కొత్తగా ఇస్లాం స్వీకరించిన వ్యక్తి. నమాజు మధ్యలో ఎవరో తుమ్మితే బిగ్గరగా దుఆ పలికారు. చుట్టూ ఉన్నవారు కళ్ళెర్ర చేశారు. ఎందుకలా చూస్తున్నారని ఇంకా బిగ్గరగా అడిగారు. వారు తొడలు చరిచి ఊరుకోబెట్టారు. నమాజు ముగిసింది. అందరూ ఏమవుతుందోనని ఎదురుచూశారు. దైవప్రవక్త (సఅసం) కసరలేదు, కొట్టలేదు, తిట్టలేదు. నమాజులో లౌకిక సంభాషణ తగదని, అది అల్లాహ్ స్తుతికీ ఖుర్ఆన్ పఠనానికీ ఉద్దేశించినదని నెమ్మదిగా వివరించారు. అంతకంటే ఉత్తమమైన బోధకుణ్ణి అంతకు ముందు గాని ఆ తర్వాత గాని తాను చూడలేదని ఆయన సాక్ష్యమిచ్చారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. తొడలు చరిచినవారూ సహచరులే, మంచి ఉద్దేశంతోనే చరిచారు. కాని జీవితాంతం గుర్తుండిపోయినది ఆ చప్పుడు కాదు.

మరొక ముచ్చట. ఒకనాటి సభలో దైవప్రవక్త (సఅసం) ఒక పొడుపు ప్రశ్న వేశారు. ఆకు రాల్చని చెట్టు ఒకటుంది, అది విశ్వాసిని పోలినది, ఏమిటో చెప్పండి అన్నారు. అందరి ఆలోచనా ఎడారి చెట్ల వెంట పోయింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి)కి అది ఖర్జూర వృక్షమని స్ఫురించింది. కాని ఆయన అందరిలో చిన్నవాడు. పెద్దలు మౌనంగా ఉంటే నోరు విప్పడానికి సిగ్గుపడ్డారు. తర్వాత దైవప్రవక్త (సఅసం) తామే జవాబు చెప్పారు. ఇంటికి పోతూ తండ్రికి ఆ సంగతి చెబితే హజ్రత్ ఉమర్ (రజి), నీవు ఆ మాట చెప్పి ఉంటే నాకెంతటి సంపదకంటే ప్రియమయ్యేదో అన్నారు. ఉపాధ్యాయులుగా ఉన్న మన సోదర సోదరీమణులు దీనిని ప్రత్యేకంగా గమనించాలి. పాఠం ప్రశ్నతో మొదలైంది. తప్పు జవాబు చెప్పినవారిని ఎవరూ ఎగతాళి చేయలేదు. ఇంటి దగ్గర తండ్రి, తెలిసి కూడా చెప్పలేకపోయిన కొడుకును దద్దమ్మా అనలేదు. రేపు ధైర్యంగా చెప్పడానికి కావలసిన బలాన్ని ఇచ్చారు. మన బళ్ళలో వెనుక బల్ల మీద కూర్చుని, జవాబు తెలిసినా నోరు విప్పని పిల్లలు ఎంతమంది ఉన్నారో! వారిలో మన పిల్లలు తక్కువేమీ కారు.

పేర్లు పెట్టి పిలవడం

సూరా హుజురాత్‌లో అల్లాహ్ ఒకరినొకరు ఎగతాళి చేయవద్దనీ, ఎత్తిపొడవవద్దనీ, చెడ్డ పేర్లు పెట్టి పిలవవద్దనీ నిషేధించాడు. పిల్లల ప్రపంచంలో ఈ ఆయతు ప్రతిరోజూ ఉల్లంఘనకు గురవుతోంది. కుంటివాడు, నత్తివాడు, నల్లోడు, మొద్దు – ఈ పేర్లు బడిలో పిల్లలు కనిపెట్టినవి కావు, చాలావరకు ఇంటి నుండి తెచ్చుకున్నవి. ఒకరిని అతని తల్లి పేరెత్తి ఎత్తిపొడిచినందుకు హజ్రత్ అబూ జర్ర్ (రజి) అంతటివారినే, నీలో ఇంకా అజ్ఞానకాలపు వాసన మిగిలి ఉందని దైవప్రవక్త (సఅసం) మందలించారు.

ఇక్కడ మన సమాజంలోని ఒక గాయాన్ని తాకక తప్పదు. తెలుగునాట తరతరాలుగా తెలుగే ఇంటిభాషగా ఉన్న ముస్లిములున్నారు. దూదేకుల, నూర్‌బాషా అని పిలవబడే మన సోదరులలో అత్యధికులు అలాంటివారే. వారి పిల్లలు మక్తబ్‌కు వస్తే ఉర్దూ రాదని నవ్వేవారు మనలో లేరా? “వీడికి సలాం చేయడం కూడా సరిగా రాదు” అని పిల్లల ముందే అనేవారు లేరా? ఆ పిల్లవాడు తెలుగు బడిలో తన పేరును చూసి పరాయివాడంటారు; మన దగ్గరకు వస్తే తన భాషను చూసి పరాయివాడంటాం. ఇక అతడు ఎక్కడికి పోవాలి? ప్రతి ప్రవక్తనూ అతని జాతి భాషతోనే పంపామని సూరా ఇబ్రాహీం తెలుపుతోంది. భాషల వైవిధ్యం అల్లాహ్ సూచనలలో ఒకటని సూరా రూమ్ చెబుతోంది. ఉర్దూ మన పెద్దల జ్ఞానసంపదకు తాళంచెవి. దానిని నేర్పడం మంచిదే. కాని తాళంచెవి లేనివాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి నవ్వడం ఏ ధర్మం? ఈ పుస్తకం తెలుగులో మీ చేతిలో ఉండడానికి కారణం కూడా అదే.

దీనికి సంబంధించి సూరా అబస అవతరణను గుర్తు చేసుకోవాలి. ఖురైషు నాయకులతో దైవప్రవక్త (సఅసం) సంభాషిస్తున్న వేళ హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) ధర్మం నేర్చుకోవడానికి వచ్చారు. ఆయన అంధులు. ఆ సమయంలో రావడం దైవప్రవక్త (సఅసం)కు ఇబ్బంది కలిగించి ముఖం చిట్లించారు. అల్లాహ్ దానిని సరిదిద్దుతూ ఆయతులు అవతరింపజేశాడు. ఆ చిట్లింపును చూసే కళ్ళు కూడా ఆయనకు లేవన్నది గమనించారా? నోటి వెంట ఒక్క కఠినమైన మాట రాలేదు. అయినా నేర్చుకోవడానికి వచ్చినవానికి చూపవలసిన ముఖం ఎలా ఉండాలో ప్రళయం వరకు పఠించబడే గ్రంథంలో నమోదైపోయింది. మన పిల్లలకు కళ్ళున్నాయి. ఫీజు కట్టిన ఇంటి పిల్లవాణ్ణి చూసే చూపుకు, కట్టని ఇంటి పిల్లవాణ్ణి చూసే చూపుకు ఉన్న తేడా వారికి మొదటి రోజే తెలిసిపోతుంది.

బడి గ్రూపులో వచ్చిన కబురు

ఈనాడు ప్రతి తరగతికీ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు ఉంది. హోంవర్కు తెలుసుకోవడానికి పుట్టిన ఆ గ్రూపు కొద్దిరోజులకే ఫలానా టీచరు ఇలాంటిదట, ఫలానా పిల్లవాడు దొంగతనం చేశాడట అన్న కబుర్లకు నిలయమవుతోంది. ఒక పిల్లవాని తప్పు నలభై ఇళ్ళకు చేరుతుంది. మరునాడు తరగతి గదిలో నలభై జతల కళ్ళు అతణ్ణి చూస్తాయి. పరోక్షనిందను సొంత సోదరుని శవమాంసం తినడంతో పోల్చిన ఆయతు ఫోను మీద వేలు కదిపేవారికీ వర్తిస్తుంది.

కబురు తెచ్చినవాడు ఎవరో చూసి, నిజానిజాలు విచారించిన తర్వాతే నమ్మాలని అదే సూరా ఆజ్ఞాపించింది. లేకుంటే అజ్ఞానంతో ఇతరులకు హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడతారని కారణం కూడా చెప్పింది. 2018 మే నెలలో మన తెలుగు రాష్ట్రాలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లు వ్యాపించి, గుంపులు అమాయకుల మీద పడి కొట్టాయి, ప్రాణాలు పోయాయి. పంపినవారిలో అత్యధికులు పిల్లల మేలు కోరే తల్లిదండ్రులే. విన్నదల్లా చెప్పడమే మనిషిని అబద్ధాలకోరుగా చేయడానికి చాలునన్న ప్రవక్త వచనాన్ని వారికి ఎవరైనా ఆ క్షణంలో గుర్తు చేసి ఉంటే! పిల్లల భద్రత పేరిట వచ్చే ఏ కబురునైనా ముందు బడికి గాని, పోలీసు స్టేషనుకు గాని ఫోను చేసి విచారించండి. అంతవరకు మీ ఫోనులోనే ఉండనివ్వండి.

మస్జిద్‌లో పిల్లలు

మా మక్తబ్ సంగతి సగంలో వదిలాము. బెత్తాన్ని అటక మీద పెట్టిన మొదటి నెల అంతా గోలే, అది దాచము. మస్జిద్ పెద్దలు ఒకరిద్దరు వచ్చి, పాత పద్ధతే నయమని కూడా అన్నారు. పిల్లల సంఖ్య ఎక్కువ, చెప్పేవాళ్ళం తక్కువ. అప్పుడు పిల్లలను మూడు జట్లుగా విడదీసి, పెద్ద పిల్లలకు చిన్నవారి పాఠం అప్పగించాము. రోజుకు పాఠాన్ని సగానికి తగ్గించాము. చినిగిన పుటలు అంటించడానికి ఒక జిగురు డబ్బా కిటికీలో పెట్టి, ఎవరు చింపినా అడగమని చెప్పాము. కొన్నాళ్ళకు తామే వచ్చి, ఉస్తాద్, నా చేతిలోనే చినిగింది అని చెప్పేవారు కనిపించసాగారు. జిగురు ఖర్చు మాత్రం పెరిగింది.

ఇక చివరిగా ఈ రోజు సంగతి. ఇప్పుడు ఈ ఖుత్బా ముగిసి నమాజుకు లేవగానే ముందు వరుసలోకి వచ్చి నిలబడిన పిల్లవాణ్ణి రెక్క పట్టుకుని వెనక్కి లాగే పెద్దమనుషులు ప్రతి మస్జిద్‌లోనూ ఒకరిద్దరుంటారు. మెత్తని మాటను గురించి అరగంట విన్న తర్వాత కూడా. ఫిరౌను వంటి నియంతతో సైతం మృదువుగా మాట్లాడమని హజ్రత్ మూసా, హజ్రత్ హారూన్ (అలైహిముస్సలాం)లకు అల్లాహ్ ఆదేశించాడు. ఈ పిల్లవాడు ఫిరౌను కాడు.

బుఖారీ గ్రంథంలో హజ్రత్ సహల్ బిన్ సఅద్ (రజి) చెప్పిన ఉదంతం ఉంది. దైవప్రవక్త (సఅసం) వద్దకు ఏదో పానీయం తెచ్చారు. వారు త్రాగారు. కుడివైపున ఒక బాలుడున్నాడు, ఎడమవైపున వయోవృద్ధులున్నారు. కుడివైపు నుండి ఇవ్వడం మర్యాద. పెద్దలకు ముందుగా ఇవ్వడానికి నాకు అనుమతి ఇస్తావా అని వారు ఆ బాలుణ్ణి అడిగారు. మదీనాకు నాయకుడు, అల్లాహ్ సందేశహరుడు, ఒక చిన్నవాని అనుమతి కోరారు. మీ నుండి నాకు లభించే భాగాన్ని ఇంకెవరికీ వదులుకోనని ఆ బాలుడు బదులిచ్చాడు. ఎవరూ వాణ్ణి గదమాయించలేదు. దైవప్రవక్త (సఅసం) ఆ గిన్నెను బాలుని చేతిలోనే పెట్టారు.